ఇసుకలో పొయ్యి

"నీళ్ళకు పదడుగుల దూరంలో, తడి ఇసుకలో పొయ్యి పెట్టమని నీకెవరు చెప్పారు?" అని అడిగారు సోమయాజులు గారు.

భీమయ్య చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఎవరు చెప్పలే సార్. నేనే పెట్టిన."

సోమయాజులు గారు యూనివర్సిటీలో భూగోళ శాఖకు పెద్ద. భీమయ్య హాస్టల్ వంటవాడు. పోయిన నెల ఆయన ముప్పైమంది విద్యార్థులను గోవా టూరుకు తీసుకుపోతూ వంటకు భీమయ్యను వెంట తీసుకుపోయారు. మూడోనాడు సముద్రం పైకి వచ్చింది. అన్నం గుండిగను, పప్పు గిన్నెను, భీమయ్య ట్రంకుపెట్టెను గుంజుకుపోయింది. గుండిగ కోసం ఉరికిన భీమయ్యను బెస్తవాళ్ళు జుట్టు పట్టి బయటికి లాగారు. కొండ మీద రాళ్ళు ఏరి ఆకలితో దిగొచ్చిన పిల్లలు ఆ పూట కొబ్బరి ముక్కలు నమిలారు. ఇద్దరు సొమ్మసిల్లారు. వాళ్ళ తండ్రులు పైవాళ్ళకు ఉత్తరాలు రాశారు. అందుకే ఈ విచారణ.

"గుండిగ పోతుంటే చూస్తూ నిలబడ్డావా?" అన్నాడు వార్డెన్ పార్థసారథి.

"నిలబడలే సార్, ఎంటవడ్డ. అది నాకంటె మంచిగ ఈదింది."

పార్థసారథి నవ్వు ఆపుకున్నాడు. "మొదటి రోజు సముద్రపు నీళ్ళతోనే పప్పు ఉడకేశావట?"

"ఉప్పు కలిసొస్తదనుకున్న సార్. నోట్ల వెట్టంగనె తెలిసింది."

"అసలు నీళ్ళు పైకొస్తాయని తెలియదా నీకు?" సోమయాజులు గారు బల్ల మీద కలంతో కొట్టారు.

"మా ఊరి చెరువు ఎన్నడు లేచి మనిషి మీదికి రాలే సార్. సముద్రం గూడ ఉన్నకాడ ఉంటదనుకున్న."

"అమావాస్యకు పోటు ఎక్కువ. చిన్నపిల్లలకు చెప్పే పాఠం ఇది. సరే, వంటవాడి నిర్లక్ష్యం అని రాసేద్దాం."

అలా రాస్తే భీమయ్య పని అయిపోయినట్టే. పద్నాలుగేళ్ళకు అతని పర్మనెంటు కాయితం బల్ల దాకా వచ్చింది. సంతకం ఒక్కటే తక్కువ.

"ఆగండి సార్" అన్నాడు లెక్చరర్ రంగనాథ్. టూరుకు అతనూ వెళ్ళాడు. "మొదటి రెండు రోజులూ ఇతను మనం దిగిన బంగళా పక్కన సరుగుడు చెట్ల కింద వండినాడు. నేను చూసినాను. మూడోనాడు ఇసుకలోకి ఎందుకు దిగినాడు? ఎవరో చెప్పింటారు. నేనా, పిల్లలతో కొండెక్కింటిని. మీరు బంగళాలో ఉంటిరి. చెప్పబ్బా భీమయ్యా, ఎవరు?"

"నేనే సార్."

"రేపు పదింటికి మళ్ళీ రా" అన్నారు సోమయాజులు గారు.

భీమయ్య తార్నాకలో ఇంటికి చేరేసరికి సంగతి భార్య ప్రమీలమ్మ చెవిన పడనే పడింది. కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏందయ్యా, ఎవని తప్పు నెత్తిన వెట్టుకుంటున్నవ్?"

"నేనే చేసిన."

"నాతోని గూడ గదే మాటనా? ఇంట్ల పొయ్యి జానెడు జరపాలంటె నన్ను నాలుగుసార్లు అడుగుతవ్. గోవల సొంతంగ జరిపినవా?"

భీమయ్య చెయ్యి కంచంలో ఆగింది.

"మాటిచ్చిన."

"ఎవనికి?"

"గది చెప్పననే ఇచ్చిన."

"పర్మనెంటయితె కోటర్ ఇస్తరు. గీ రేకుల కింద ఇంకెన్ని ఎండకాలాలు ఉడకాలె?"

"ఉడుకుదం తియ్" అని చారు పోయించుకున్నాడు.

మర్నాడు కాలేజీ మెట్ల దగ్గర రంగనాథ్ సైకిలు ఆపాడు.

"నీ మొండితనం నిన్ను ముంచుతుంది భీమయ్యా. పోనీ, నేను చెప్పినానని చెప్పు. నన్ను తిట్టి వదిలేస్తారు."

"మీరు చెప్పలే గద సార్."

"మరి ఎవరు?"

"మాటిచ్చిన సార్" అని మెట్లెక్కాడు భీమయ్య.

గదిలో ముగ్గురూ కూర్చున్నారు. సోమయాజులు గారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. రంగనాథ్ ఊరుకోలేదు.

"సార్, ఇతను ఎవరికో మాటిచ్చినాడు. అందుకే నోరు తెరవడం లేదు. ఇట్లా రాసి పంపిస్తే న్యాయం కాదు. నేను సంతకం పెట్టను."

సోమయాజులు గారు భీమయ్యను ఒకసారి చూశారు. భీమయ్య నేలను చూస్తున్నాడు.

"విన్నావుగా? చెప్పు. నీ మీద నాకేం కోపం లేదు. అమావాస్యనాడు అక్కడ పొయ్యి పెట్టమన్న ఆ మూర్ఖుడు ఎవడు?"

"చెప్పరాదు సార్."

"వాడికి చదువుంటే ఆ చదువు దండగ! చెప్పు!"

"చెప్ప సార్."

"చూశారా?" అన్నారు సోమయాజులు గారు మిగతా ఇద్దరితో. "నేను అడగలేదనకండి." గొంతు పెంచారు. "భీమయ్యా, వాడు నా స్నేహితుడైనా సరే, సొంత తమ్ముడైనా సరే, నేను కాయను. ఇక్కడ పెద్దను నేను. ఎవరికి మాటిచ్చినా సరే, ఆ మాట నుంచి నిన్ను విడిపిస్తున్నాను. వీళ్ళిద్దరి ఎదుట చెబుతున్నాను. ఇంకేం కావాలి నీకు?"

సోమయాజులు గారు నిమ్మళంగా కుర్చీలో వెనక్కి వాలారు. కాయితం దగ్గరికి జరుపుకున్నారు. కలం మూత తీశారు.

భీమయ్య రెండు రోజుల్లో మొదటిసారి తలెత్తాడు.

"అయితె సార్, వాపస్ రైలెక్కేటప్పుడు నాతోని మీరు వెట్టిచ్చుకున్న ఒట్టు మీరే తీసేసినట్టేనా?"