వలదారంతో సముద్రం

తెర మీద తాడు తెగింది. తెగడమా అది? ఎవరో కోసినట్టు పుటుక్కున రెండు ముక్కలైంది. వెనక పడవ అలల్లోకి జారిపోయింది.

ఎల్లారావు కుర్చీలోంచి సగం లేచాడు. పక్కన చెల్లెలు గురువమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. మధురవాడ కాలేజీ హాలంతా చప్పట్లతో మోగిపోయింది.

నాలుగు నిమిషాల బొమ్మల సినిమా. అందులో మనుషుల్లేరు, మాటల్లేవు. నీలిగుడ్డ మీద వలదారాన్ని వెంట్రుకవాసి జరపడం, ఫొటో తియ్యడం, మళ్లీ జరపడం. గురువమ్మ కూతురు సాయిదుర్గ ఎనిమిది నెలలు నడుం విరిగేలా చేసింది. తండ్రి పోలిరాజు కథే అది. ఆరేళ్ల కిందట తుపానులో పోలిరాజు పడవ ఇంజిను ఆగిపోతే, ఎల్లారావు దాన్ని తన పడవకు తాడుతో కట్టి లాగాడు. దారిలో తాడు తెగి పోలిరాజు మునిగిపోయాడని పేటంతా చెప్పాడు. చెల్లెలికీ అదే చెప్పాడు.

సాయిదుర్గ దగ్గర మాత్రం నోరు జారి ఉండాలి. ఈ సినిమా మొదలుపెట్టే ముందు ఒకరోజు తండ్రి గురించి అడగడానికి వచ్చింది. అప్పటికే ఎల్లారావుకి మందు ఎక్కువైంది. తెల్లారి లేస్తే ఏం వాగాడో గుర్తులేదు గానీ, ఆ పిల్ల ఏడుస్తూ తన తల నిమరడం గుర్తుంది. తర్వాత కూడా మావా అంటూ తిరుగుతుంటే క్షమించేసిందనుకున్నాడు. ఛీ, ఎంత వెర్రివాడు!

వరండాలో సాయిదుర్గ నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఎలాగుంది మావా?"

"ఎలాగుందా? నమ్మి సెప్పుకుంటే పదిమందిలో నా పీక కోసీసినావు కదే!"

"నానేటి సేసాను?"

"ఏటెరగనట్టు అడక్కు! కోపవుంటే నా మొకం మీద ఉమ్మాల్సింది. మీయమ్మని పక్కన కూసోబెట్టి మరీ సూపిస్తావా?"

గురువమ్మ గబగబా వచ్చింది. "ఏటైందన్నా? పిల్లనెందుకు తిడతన్నావ్?"

"ఇంకా ఏటి దాయను సెల్లీ? అందరూ సూసినారు కదా. అవును, తాడు నానే కోసినాను! కొయ్యకపోతే నా పడవా ములిగిపోయేది. బావ సెయ్యి ఊపుతానే ఉన్నాడు. సూస్తానే కోసినాను!"

గురువమ్మ గోడ పట్టుకుని అలాగే కిందకి కూలబడింది.

సాయిదుర్గ తల్లి పక్కన చతికిలబడింది. "ఆ రోజు నువ్వేటీ సెప్పలేదు మావా. బావా, బావా అని ఏడ్సి పడుకుండిపోనావు."

"మరి తెర మీద ఆ కోత?"

"ఎంత లాగినా దారం తెగలేదు మావా, కత్తెరేసాను."