గమకం పలికించే చువ్వ

1984 నవంబరు పన్నెండున త్యాగరాజు చారన్నం, బెండకాయ వేపుడు తిని, చనిపోయిన భార్య ఎలక్ట్రిక్ గిటారు ముందేసుకున్నాడు. “దీనిమీద గమకం పలకదండీ” అని ఆవిడ చివరిదాకా బెంగపడింది. తీగల్ని వణికించే చువ్వ ఇన్నాళ్లకు గార్డెన్ రీచ్ రేవులో ఒక ఓడ కళాసీ దగ్గర దొరికింది. పాత తీగలు విప్పేసి, దాన్ని బిగిస్తుంటే ఆఖరి మర సగంలో ఆగిపోయింది. కొబ్బరినూనె కోసం వంటింట్లోకి వెళ్లాడు.

తిరిగి గది గుమ్మం దాకా వచ్చేసరికి, కింది వాటా అప్పాయమ్మ మెట్ల దగ్గర నిలబడి కేకేసింది.

“బాబూ, ఆ వాయింపు అచ్చం అమ్మగోరి సెయ్యే! మద్దెలో ఆ వణుకేటి, ఏడుపొచ్చేసింది. ఆపేసినారేటి?”

కొత్త తీగలు బల్లమీద పొట్లంలోనే ఉన్నాయి. గిటారు మీద చువ్వ ఒక్కటే సన్నగా ఊగుతోంది.

“ఆపలేదమ్మా” అన్నాడు త్యాగరాజు.

దీపం ఆర్పలేదు. లోపలున్న ఆవిడకి అడ్డు రాకూడదని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.