పదడుగుల తాడు

బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలే ఉన్నాయి. కారెక్కి కూర్చున్న జాక్లిన్ మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి గారెతో కబుర్లు చెబుతూనే ఉంది.

గారె వాళ్ళ కుక్క. కూనగా ఉన్నప్పుడు అచ్చం అప్పుడే నూనెలోంచి తీసిన గారె రంగులో ఉండేది, ఆ పేరే ఖాయమైపోయింది. ఇప్పుడు దానికి పదకొండేళ్ళు. కాళ్ళు పట్టేస్తున్నా కారు కదిలిందంటే చాలు, వెనకే పరుగెడుతుంది. అందుకే జాక్లిన్ సెలవులు ముగించుకుని బ్రిస్బేన్ యూనివర్సిటీకి వెళ్ళే ప్రతిసారీ జోజయ్య దాన్ని ఇంటి పక్కన బట్టలారేసే స్తంభానికి కట్టేసి, అప్పుడు కూతుర్ని టూవూంబా బస్టాండులో దింపి వస్తాడు.

ఆ రోజూ తాడు పట్టుకుని దాని దగ్గరికి వెళ్ళాడు.

"స్టే, గారే. నేనొచ్చేదాకా స్టే," అంది జాక్లిన్.

గారె బుద్ధిగా చతికిలబడింది. చిన్నప్పుడు బిస్కెట్లు పెట్టి మరీ నేర్పిందామె. అదే మాట జోజయ్య గొంతు చించుకుని చెప్పినా ఆ కుక్క చెవి కూడా కదపదు.

ఆ తాడుని చూస్తే తండ్రీకూతుళ్ళిద్దరికీ నవ్వొస్తుంది. జాక్లిన్ ఎనిమిదేళ్ళప్పుడు జోజయ్య ఓ పొడుపుకథ వేశాడు. కుక్క మెడకి పదడుగుల తాడు కట్టి ఉంది. పదిహేనడుగుల దూరంలో ఎముక ఉంది. కుక్క తాడు తెంపలేదు, ఎవరూ సాయం చెయ్యలేదు. మరి ఎముక ఎలా తింది? పాపం, పిల్ల రెండ్రోజులు బుర్ర బద్దలుకొట్టుకుంది. చివరికి ఆయనే చెప్పాడు, తాడు రెండో కొస దేనికీ కట్టలేదని. "దట్స్ చీటింగ్, డాడీ!" అని అలిగి, మర్నాడు బళ్ళో అందర్నీ అదే అడిగింది.

బస్సు కదులుతుండగానే వాన అందుకుంది. మామూలు వాన కాదు. జోజయ్య వెనక్కి వచ్చేసరికి వాగు రోడ్డెక్కింది. పోలీసులు అడ్డం నిలబడి ఒక్క కారునీ వదల్లేదు. ఇంటి దగ్గర కుక్క ఉందని ఆయన బతిమాలాడు. భార్య సువర్ణకుమారి ఆసుపత్రి డ్యూటీలో చిక్కుకుపోయింది. తెల్లవార్లూ ఆయన ఆ రోడ్డు మీదే, కారులో ఉండిపోయాడు.

పొద్దున ఇల్లు చేరేసరికి ఇంటి చుట్టూ ఇంకా మోకాలి లోతు నీళ్ళు. గారె స్తంభం దగ్గరే చచ్చిపోయి ఉంది. వరండా మెట్లు అక్కడికి పదిహేనడుగుల దూరముంటాయేమో. వరండా మీద చుక్క తడి లేదు.

ఫోనులో జాక్లిన్ ఏడవలేదు. "యూ టైడ్ హిమ్, డాడీ. కట్టేసింది నువ్వే కదా?" అంది.

"అవునమ్మా. నేనే," అన్నాడు జోజయ్య.

అంతే. ఆ తరవాత మూడేళ్ళు ఆమె తండ్రితో సరిగా మాట్లాడలేదు. ఆయన ఫోనెత్తితే అమ్మకివ్వమనేది. క్రిస్మస్‌కి వచ్చినా ఆయన వంక చూడకుండా అన్నం తిని వెళ్ళిపోయేది. ఆయన బట్టలారేసే స్తంభం పీకించేశాడు.

కూతురు డిగ్రీ పుచ్చుకున్న రోజు భార్యాభర్తలిద్దరూ బ్రిస్బేన్ వెళ్ళారు. జాక్లిన్ నల్లగౌనులో ఎంత బాగుందో. తల్లిని వాటేసుకుని ఫొటోలు దిగింది. ఆ ఫొటోలు తీసింది జోజయ్యే.

తిరుగుదారిలో సువర్ణకుమారి ఆయన వైపు తిరిగింది. ఇంకెన్నాళ్ళిలా అంది. ఆ రోజు వాన వస్తుందని ఎవరికి తెలుసు, కావాలని చేశారా ఏంటి, ఆ మాటైనా దానికి ఒక్కసారి చెప్పుకోవచ్చు కదా అని భర్తని నిలదీసింది.

జోజయ్య రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"వద్దు కుమారీ. ఆ కోపం నామీదే ఉండనీ."

ఆ పొద్దున నీళ్ళలో వంగి గారెని రెండు చేతుల్తో పైకెత్తినప్పుడు, తాడు రెండో కొస దేనికీ కట్టి లేదు.