గండి

బడి మెట్లు ఒక్కొక్కటే నీళ్లలోకి పోతున్నాయి.

లోపల గదుల్లో పల్లపు వీధి జనమంతా ఉన్నారు. పిల్లల్ని బల్లల మీదికి ఎక్కించారు. టీచరు కుర్చీలో భావన కూర్చుని ఉంది. ఒళ్లో పసికందు. పురుటి స్నానమైనా కాలేదు. అప్పుడే తల్లికి ఒళ్లు కాలిపోతోంది. ఏలూరు రోడ్డు మునిగిపోయింది, అక్కణ్ణుంచి పడవ వస్తోందని పొద్దుట్నుంచీ చెబుతున్నారు. దాని జాడే లేదు.

సత్తిరాజు మోకాలి లోతు నీళ్లలో నిలబడి గోడ వంక చూశాడు. పాత గోడ. అడుగున పెచ్చులు ఊడి నీళ్లలో పడుతున్నాయి.

"ఇది ఆగదు బెంజమిన్," అన్నాడు. "చెరువుకి గండి కొట్టాల్సిందే."

బెంజమిన్ ఉలిక్కిపడ్డాడు. "అంత మాట అనకండి రాజుగారూ."

తమ్మిలేరు పొంగి ఊళ్లోకొచ్చిన నీళ్లు కదలడం లేదు. డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క పేరుకుపోయింది. ఊరికీ కొల్లేటికీ మధ్య అడ్డంగా ఉన్నది ఒక్క చేపల చెరువే. దాని గట్లు అటూ ఇటూ తెగ్గొడితే, నీళ్లు చెరువు గుండా కొల్లేట్లో పడతాయి. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. పైకి అన్నవాడు మాత్రం సత్తిరాజు ఒక్కడే.

"నీ ఇల్లు కూలిపోయింది కదయ్యా. నువ్వైనా పార పట్టవా?"

"మట్టిగోడలండి. మళ్లీ పెట్టుకుంటాం." బెంజమిన్ తల వంచుకున్నాడు. "ఆ గట్టు మీద మాత్రం పార వెయ్యలేనండి. నన్నడక్కండి."

సత్తిరాజు నీళ్లు తోసుకుంటూ కమ్యూనిటీ హాలుకి పరిగెత్తాడు. అక్కడా గుమ్మం దాకా నీళ్లొచ్చాయి. లోపల ఆడవాళ్లు ఊరందరికీ వంట చేస్తున్నారు. సర్పంచ్ పద్మప్రియ చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది.

"గండి కొట్టించమ్మా," అన్నాడు రొప్పుతూ.

పద్మప్రియ ఫోన్ దించేసింది. "చేపల పట్టుబడి ఇంకో వారంలో ఉంది బాబాయిగారూ. లారీలు కూడా మాట్లాడేసుకున్నారు. చేతికొచ్చిన పంట కొట్టుకుపోతే ఏమైపోతారు?"

"చేపల మాట నా దగ్గర ఎత్తకు. బళ్లో పసిబిడ్డ ఉంది."

"పడవ బయల్దేరిందన్నారండీ. కాస్త ఓపిక పట్టండి."

"నేను పడతానమ్మా. గోడ పడుతుందా?"

పద్మప్రియ మళ్లీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. పొయ్యిల దగ్గర ఆడవాళ్లు తల వంచుకుని మంట ఎగదోశారు. ఎవరూ ఆయన కళ్లలోకి చూడలేదు.

ఇక మిగిలింది బుచ్చిబాబు. వాడికి పొక్లెయిన్ ఉంది. దాన్ని రోడ్డు మెరక మీద పెట్టుకుని, టార్పాలిన్ కప్పుకుని కూర్చున్నాడు.

"నా వల్ల కాదన్నయ్యా," అన్నాడు సత్తిరాజు నోరు తెరవకముందే. "రేపు నేను ఊళ్లో తలెత్తుకు తిరగొద్దా?"

"తాళాలియ్యి. నేనే నడుపుతాను."

"మీకు రాదు."

"నీకు దణ్ణం పెడతాన్రా!"

బుచ్చిబాబు ఆ చేతులు రెండూ పట్టుకుని కిందికి దించేశాడు. తాళాలు జేబులో వేసుకుని మొహం అటు తిప్పుకున్నాడు.

అప్పుడే బడి వైపు నుంచి పెద్ద చప్పుడు. ఆ వెంటనే కేకలు. వరండా గోడ కూలింది. అదృష్టం కొద్దీ దాని కింద ఎవరూ లేరు. గదిలోంచి పసిబిడ్డ గుక్క పట్టి ఏడవడం వినిపిస్తోంది.

సత్తిరాజు ఇంక ఎవర్నీ అడగలేదు. ఎవరి గుమ్మంలోదో పార లాక్కుని చెరువు గట్టు ఎక్కాడు. లారీలు తిరిగి తిరిగి రాయిలా బిగిసిన గట్టు అది. పార దిగదు. వానకి పిడి జారిపోతోంది. అయినా ఊగిపోతూ కొడుతున్నాడు. అరచేతులు పగిలాయి. రెండు గంపల మట్టి కూడా లేవలేదు.

జనం పరిగెత్తుకొచ్చారు. బెంజమిన్ వెనకనుంచి వాటేసుకున్నాడు.

"పట్టుకోండి! ఆయన్ని ఆపండి!" అని అరుస్తోంది పద్మప్రియ.

"వదలండి నన్ను!" సత్తిరాజు గింజుకున్నాడు. "ఆ బిడ్డకేమన్నా అయితే ఈ ఊళ్లో నాకు ముద్ద దిగుతుందా? వదలండి!"

ఆయన్ని పట్టుకున్న చేతులు మెల్లగా సడలాయి.

ఇంతలో వెనక పొక్లెయిన్ చప్పుడు వినిపించింది. బుచ్చిబాబు ఎవరి వంకా చూడలేదు. దారి ఇవ్వమని చేత్తో సైగ చేసి, బండిని ముందుకు పోనిచ్చాడు. దిగువ గట్టు తెగ్గొట్టాడు. తిరిగొచ్చి ఎగువ గట్టు మీద బకెట్ దించే ముందు, ఒక్క క్షణం ఆగి భుజంతో కళ్లు తుడుచుకున్నాడు.

గట్టు తెగింది. నీళ్లు హోరుమంటూ చెరువులోకి దూకి, చెరువుని మోసుకుంటూ కొల్లేటి వైపు పోయాయి. ఎదిగిన శీలావతి, బొచ్చె చేపలు గాల్లోకి ఎగిరెగిరి పడుతూ కొట్టుకుపోతున్నాయి. ఇంకొకప్పుడైతే ఊరు ఊరంతా వలలు పట్టుకుని దిగేది. ఇవాళ ఒక్కరూ కదల్లేదు. కాళ్ల దగ్గర పడి గిలగిలా కొట్టుకుంటున్న చేపని కూడా ఎవరూ ముట్టుకోలేదు.

సాయంత్రానికి బడి మెట్లు బయటపడ్డాయి. భావననీ బిడ్డనీ మంచం మీద రోడ్డు దాకా మోసుకెళ్లి కారెక్కించారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక్కొక్కరే వచ్చి, సత్తిరాజుకి దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

ఆయన గట్టు మీద అలాగే కూలబడి ఉన్నాడు.

వంటల దగ్గర నుంచి వచ్చిన ఆయన భార్య మాణిక్యం పక్కన చతికిలబడి, పగిలిన ఆయన అరచేతుల్ని కొంగుతో తుడుస్తూ, "ఏవండీ, మన చెరువు మొత్తం ఖాళీ అవడానికి ఇంకా ఎంతసేపు పడుతుందండీ?" అని అడిగింది.