చెక్కు పాసయ్యేదాకా

మంగళవారం పొద్దున ఒక పెద్దాయన కొరిన్ పనిషెడ్డు ముందు కారు దిగి, తన తెడ్లు తీసుకెళ్లడానికి వచ్చానన్నాడు.

కొరిన్ చేతులకంటిన రంపపు పొట్టు దులుపుకుని ఫోను చూసింది. పేషెన్స్ ఎల్డ్రిడ్జ్ పేరున పోయిన గురువారం ఆన్‌లైన్‌లో వచ్చిన ఆర్డరు. ఎనిమిదడుగుల స్ప్రూస్ కర్ర తెడ్లు ఒక జత. మూడొందల ఎనభై డాలర్లు. ఎలక్ట్రానిక్ చెక్కు.

"పేషెన్స్ మా అమ్మాయి. నన్ను ఏసా అంటారు," అన్నాడాయన.

చెక్కు ఇంకా పాసవలేదని కొరిన్ చెప్పింది. కంప్యూటర్లో కొట్టిన చెక్కయినా ఈ బ్యాంకు నుంచి ఆ బ్యాంకుకి నడిచి రావడానికి ఐదు పనిరోజులు పడుతుంది. గురువారం దాకా తెడ్లు ఇవ్వడం కుదరదంది.

ఆయన మసాచుసెట్స్ నుంచి మెయిన్ రాష్ట్రం దాకా ఐదు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. మనిషి బాగా అలిసిపోయి ఉన్నాడు. నాలుగు మాటలకోసారి దగ్గు.

కొరిన్ మొగుడు లోవెల్ ఆమెని పక్కకి పిలిచాడు.

"అంత దూరం నుంచి వచ్చాడు. ఇచ్చేయరాదూ?"

"కిందటేడు కూడా ఇదే మాటన్నావు."

ఆ సంగతంతా లోవెల్‌కి మళ్లీ గుర్తుచేసింది.

కిందటేడు వసంతంలో ఎవరో వేసవి శిబిరం వాళ్లమంటూ ఏడు జతలు అడిగారు. ఇలాంటి చెక్కే. మొదటిరోజే తెర మీద డబ్బు వచ్చినట్టు కనబడింది. పాపం పిల్లలు ఎదురుచూస్తుంటారని వెంటనే పంపించేశారు. ఐదోరోజు చెక్కు తిరిగొచ్చింది. తెడ్లు మాత్రం తిరిగి రాలేదు. ఒక చలికాలమంతా చేసిన పని అది.

పెద్దాయన చెవులు బాగానే పనిచేస్తున్నాయి. అంత దెబ్బ తిన్నాక కూడా చెక్కులు ఎందుకు తీసుకుంటున్నావని అడిగాడు.

కార్డయితే జతకి పదకొండు డాలర్లు కోసుకుంటారు, చెక్కయితే డాలరు కూడా పోదు అని చెప్పింది కొరిన్. పైగా పడవల మీద బతికేవాళ్లలో చాలామందికి కార్డులుండవు. వాళ్లని కాదనలేనంది.

"కార్డు జేబుకి చిల్లు, చెక్కు నిద్రకి చిల్లు," అన్నాడు ఏసా.

"అందుకే పాసయ్యేదాకా సరుకు కదలదు. నా ముందు ఎవరు నిలబడ్డా సరే."

"నా కోసం మాట మార్చకమ్మాయ్. నేను ఆగుతాను."

ఊరి చివర అద్దెగది తీసుకుని, రెండు రోజులూ పొద్దున్నే షెడ్డుకి వచ్చాడు. తిరగేసిన పెట్టె మీద కూర్చుని కాఫీ తాగుతూ ఆమె చిత్రిక పడుతుంటే చూసేవాడు. మొదట కొరిన్‌కి చిరాకేసింది. తర్వాత, చూసే మనిషి ఉండటం బాగుందనిపించింది. చెప్పడం మొదలుపెట్టింది. ఏ కర్ర సముద్రానికి పనికొస్తుందో, కర్రలో పోగు ఏ వాటంగా నడవాలో, పిడి ఎందుకు కాస్త బరువుగా ఉంచాలో. ఆయన బుద్ధిగా తలూపాడు.

ఒక్కసారి మాత్రం అడ్డుతగిలాడు.

"తెడ్డు రెక్క మరీ పల్చన చేస్తున్నావు. విరిగిపోదూ?"

కొరిన్ తయారైన తెడ్డొకటి తెచ్చి, రెండు దిమ్మెల మీద అడ్డంగా పెట్టి, ఎక్కి నిలబడింది. తెడ్డు విల్లులా వంగింది. దిగగానే సర్రున లేచి తిన్నగా అయింది.

"నా తెడ్డు విరగదు సార్," అంది.

పెద్దాయన నవ్వాడు. వచ్చాక అదే మొదటి నవ్వు.

గురువారం పదిగంటలకి బ్యాంకు నుంచి కబురొచ్చింది. చెక్కు పాసయింది.

కొరిన్ తెడ్లు చేతికిస్తూ జాగ్రత్తలు చెప్పింది. ఎండలో నిలబెట్టొద్దు. తోలు చుట్టిన చోట ఏడాదికోసారి నూనె రాయాలి. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. లోవెల్ మోసిపెడతానంటే వద్దన్నాడు. ఆయాసపడుతూనే భుజాన వేసుకుని కారు దాకా తీసుకెళ్లాడు.

అక్టోబరులో పేషెన్స్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

ఏసా సెప్టెంబరులో పోయాడు. తన బూడిదని రేవు దాటించి, నడిసముద్రంలో కలపాలన్నది ఆయన కోరిక. మోటారు పడవ వద్దన్నాడు. మనవరాళ్లిద్దరూ కొరిన్ తెడ్లతోనే పడవ నడిపి, అక్కడిదాకా తీసుకెళ్లారు. ఆ రోజు గాలి ఎదురుగా ఉందట. అయినా తెడ్లు ఎక్కడా మొరాయించలేదట.

అంతకు ముందు నలుగురి దగ్గర తెడ్లు కొన్నాడట. నాలుగు జతలూ సామాన్ల కొట్టులోనే మూలపడ్డాయి. కొరిన్ చేసిన జత మాత్రం చివరిదాకా మంచం పక్కనే పెట్టుకున్నాడు. తనకి నియమం చెప్పి రెండు రోజులు ఆపిన అమ్మాయి చేసినవి అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఆమె పని కళ్లారా చూశాను, ఇక బెంగ లేదు అనేవాడు.

కొరిన్ చిత్రిక కింద పెట్టింది. నిలబడే చదివింది.

చివర పేషెన్స్ ఇలా రాసింది: "నలభై ఏళ్లు ఈ తీరం పొడవునా పడవలవాళ్లు తెడ్డు కావాలంటే మా నాన్న ఇంటికే వచ్చేవాళ్లు. చేతులు వణకడం మొదలయ్యాక, తన ఆఖరి ప్రయాణానికి తగిన తెడ్డు చేసే చేతుల్ని వెతుక్కుంటూ ఆయనే మీ ఇంటికి వచ్చాడు."