పదకొండు గంటలకు వచ్చే మనిషి

"ఇది వైరస్ కాదు సార్," అన్నాడు మాలిక్, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "ఎవరో కావాలని పెట్టుకున్న ప్రోగ్రాము. దీంతో ఎక్కడో కూర్చుని ఈ కంప్యూటర్ని నడపొచ్చు. ఇక్కడ కనపడేదంతా అక్కడా కనపడుతుంది."

సత్తెనపల్లిలోని ఆ పత్తి విత్తనాల కంపెనీ ఆఫీసులో ఒక్కసారిగా పనులన్నీ ఆగిపోయాయి. మేనేజరు జోసఫ్ తిన్నగా అనీసా వైపే చూశాడు.

గుంటూరు నుంచి ఈ కంప్యూటర్ మెకానిక్కుని పిలిపించింది తన మీద అనుమానంతోనే అని అనీసాకు పొద్దున్నే అర్థమైంది. కంపెనీ కొత్త రకం పత్తి ఏ పొలంలో ఎంత దిగుబడి ఇచ్చిందో ఇంకా బయటికి చెప్పలేదు. పోటీ కంపెనీ ఏజెంట్లు మాత్రం వినుకొండలో రైతులకు అవన్నీ ఒప్పజెబుతున్నారట. ఈ ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. దొంగన్న పేరు పడితే ఆ ఊళ్ళో ఆమెను గుమ్మం ఎక్కనిచ్చే వాడుండడు.

"కొన్ని కంపెనీల వాళ్ళు రిపేర్ల కోసం ఇలాంటివి పెట్టుకుంటారు. అప్పుడు దాచరు," అన్నాడు మాలిక్. "దీన్ని దాచారు. పేరు కూడా మార్చారు. పోయినేడు ఏప్రిల్లో పెట్టారు. మీకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన నెల."

"అనీసా చేరిన నెల కూడా అదే," అన్నాడు జోసఫ్.

"ఈ కంప్యూటరు నాది కాదు కదా సార్. పానకాలు బాబాయ్‌ది."

"పానకాలుకి ఇవన్నీ ఏం తెలుసు? ఇక్కడ తెలిసిందల్లా నీకే. పైగా మీ అన్న బాషాకి నెట్ సెంటరుంది. గుమ్మడికాయల దొంగంటే నువ్వెందుకు భుజాలు తడుముకుంటావ్?"

అడ్డుపడింది పక్కనే ఉన్న గుమాస్తా పానకాలే.

"ఆ పిల్ల అలాంటిది కాదు సార్. నేను పూచీ."

పానకాలుది ఇరవై రెండేళ్ళ సర్వీసు. కంప్యూటరు రానివాళ్ళు ఇంటికేనని పోయినేడు ఉగాదికి కంపెనీ తాఖీదు పంపితే, ఇద్దరు గుమాస్తాలు సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. పానకాలు మాత్రం యాభై నాలుగేళ్ళ వయసులో నెల తిరక్కుండా నేర్చేసుకున్నాడు. పొలాల నుంచి వచ్చిన దిగుబడి చీటీలకు జిరాక్సు తీయించి, సాయంత్రం ఇంటికి కూడా పట్టుకెళతాడు. మర్నాడు వాటిని ఒక్క తప్పు లేకుండా కంప్యూటర్లో ఎక్కించేస్తాడు. ఆయన్ని చూసి నేర్చుకోండని జోసఫ్ మీటింగు పెట్టినప్పుడల్లా మిగతావాళ్ళ ప్రాణం తీస్తుంటాడు.

"వీడెవడో రోజూ పదకొండుకి వస్తున్నాడు, ఐదుకి పోతున్నాడు," అన్నాడు మాలిక్. "ఆదివారాలు రాడు."

"అంటే బాబాయ్ పని చేసినంతసేపూ చూస్తున్నాడన్నమాట," అంది అనీసా.

"అదే అనుకుంటున్నాను. కానీ ఒక్క ఫైలు కూడా పట్టుకుపోలేదు. అదే అర్థం కావట్లేదు."

"చూసి కాయితం మీద రాసుకుంటే సరిపోదా?" అన్నాడు జోసఫ్. "సరే, తీసిపారెయ్."

"తీసెయ్ బాబూ," అన్నాడు పానకాలు వెంటనే. "పీడా పోతుంది. ఎవరి మీదా మాట రాకుండా ఇంతటితో వదిలేద్దాం సార్."

ఆయన నుదుటి నిండా చెమట. తన కోసం ఈ పెద్దాయన ఎంత నలిగిపోతున్నాడో చూస్తే అనీసాకు ఏడుపొచ్చింది. దాంతోపాటే మొండితనమూ వచ్చింది.

"వద్దు సార్. ఇప్పుడు తీసేస్తే ఈ పేరు జన్మంతా నాకే ఉండిపోతుంది. పదకొండుకి ఇంకా పది నిమిషాలే ఉంది. మా అన్న ఊళ్ళో లేడు, నెట్ సెంటరుకి ఇవాళ తాళం. నేను మీ కళ్ళెదురుగా ఉన్నాను. ఎవడొస్తాడో రానివ్వండి."

"అనీసమ్మా, నా మాట విను," అన్నాడు పానకాలు.

"మీరు భయపడకండి బాబాయ్. మీ కంప్యూటర్లో దూరినవాడు దొరికితే మీకూ మంచిదే."

ఆయన పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. జోసఫ్ తలుపు గడియ వేసి వచ్చాడు. నలుగురూ తెర చుట్టూ చేరారు. మాలిక్ మౌసుని ఎవరికీ అందకుండా బల్ల చివరకి జరిపాడు.

పదకొండైంది. ఏమీ జరగలేదు. జోసఫ్ అనీసా వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు కదిలింది బాణం గుర్తు. దానంతటదే తెర మధ్యకి పాకింది, కాసేపు ఆగింది, మళ్ళీ పాకింది. జోసఫ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చూశారా సార్?" అంది అనీసా. "నేనిక్కడే ఉన్నాను."

"తప్పయింది అనీసా. నిన్ను అనుమానించాను," అన్నాడు జోసఫ్.

గుండెల మీంచి బండ దించినట్టయింది ఆమెకు. ఆ సంతోషంలో పానకాలు చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

తెర మీద తెల్లటి కాయితంలాంటి కిటికీ తెరుచుకుంది. అందులో ఒక్కొక్క అక్షరం పడసాగింది.

"ఏదో రాస్తున్నాడు," అన్నాడు మాలిక్. "ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు."

"గట్టిగా చదువు అనీసా," అన్నాడు జోసఫ్.

అనీసా ముందుకు వంగి, అందరికీ వినపడేలా చదివింది.

"నాన్నా, చేతులు కీబోర్డు మీద పెట్టు, మొదలెడుతున్నా."