నారింజ సూర్యుళ్ల గౌను

బజారులో బుజ్జమ్మ తప్పిపోయిన రోజు పోలీసు అడిగిన మొదటి ప్రశ్న: "ఏ రంగు బట్టలు?"

దర్జీ కళ్లు మూసుకుని గుర్తు చేసుకోబోయింది. ఊళ్లో సగంమంది కొలతలు ఆమెకు కంఠతా వచ్చు. కానీ తనే కుట్టి, ఆ ఉదయం తన చేత్తో తొడిగిన గౌను రంగు గుర్తుకు రాలేదు. అంత వెలిసిపోయిన రంగు అది.

సాయంత్రానికి బుజ్జమ్మ దొరికింది. బస్సు డ్రైవరు చివరి క్షణంలో చూసి బ్రేకు వేశాడు గనక దొరికింది.

"రేపటి నుంచి తలుపుకు తాళమే," అన్నాడు దర్జీ వాళ్ల అన్న.

"తాళం వేస్తే తలుపు బాది బాది చేతులు పగలగొట్టుకుంటుంది అన్నయ్యా. ఒక్కరోజు ఆగు."

"ఒక్కరోజే."

మర్నాడు ఆమె ఆఫ్రికా అచ్చుబట్ట కొనుక్కొచ్చింది. ముదురు నీలం మీద పళ్లేలంత నారింజ సూర్యుళ్లు. అతుకుల దగ్గర ఏ సూర్యుడూ విరగకుండా కత్తిరించింది. భుజాల దగ్గర బుట్టల్లా లేచే చేతులు పెట్టింది. మిగిలిన బట్ట తలపాగాకు ఉంచింది.

తొడగబోతే బుజ్జమ్మ మూలకు నక్కింది.

"నాకొద్దు. అందరూ నవ్వుతారు. అమ్మతో చెప్తా!"

"చెబుదువుగాని. ముందు చేతులెత్తు, నా బంగారం కదూ."

"గుచ్చుతావు."

"గుండుసూదులన్నీ తీసేశా. తడిమి చూడు."

అన్న తాళంకప్ప పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "దీంతో బయటికెళ్తే సర్కస్ దిగిందనుకుంటారే!"

"అనుకోనీ. వీధి చివరికి కనబడితే చాలు."

గౌను ఒంటి మీదికి ఎక్కింది. తలపాగా మాత్రం నిలవడం లేదు. చుట్టిన ప్రతిసారీ బుజ్జమ్మ లాగి పారేస్తోంది. అన్న గడియారం చూసుకున్నాడు.

"ఆఫ్రికాలో వేడుకలకు ఆడవాళ్లు ఇలాగే ఎత్తుగా కడతారట," అంటూ ఆమె బట్టను మళ్లీ చుట్టి, ముడి బిగించి, అద్దం ముందు నిలబెట్టింది.

బుజ్జమ్మ చెయ్యి తల దాకా వెళ్లింది. అక్కడే ఆగింది.

"ఎవరక్కా ఈ రాణీగారు?"

"నువ్వే."

బుజ్జమ్మ అద్దం ముందు ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. అన్న తాళంకప్పను జేబులో వేసుకున్నాడు.

ఇక గౌను మెడ లోపల, "ఈవిడ మా అమ్మ, దారి గుర్తుండదు, కనిపిస్తే ఫోన్ చేయండి" అని రాసిన పట్టీ కుట్టడం ఒక్కటే మిగిలింది.